బరువు దిగింది, ఓపిక ఏదీ?



"ఏటమ్మా ఈ నీరసం? లచ్చలు పోసి కడుపు కోయించుకున్నది ఇందుకేనేటి?"

ఈ ప్రశ్న అడిగింది మా అత్తగారు. నాలుగేళ్ళ క్రిందట ఒక మధ్యాహ్నం నేను స్కూలు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడిపోయినప్పుడు అడిగారు. ఆవిడ గొంతులో కోపం లేదు, భయం వుంది. అయినా ఆ మాట నాకు చురుక్కుమని తగిలింది. ఎందుకంటే, అదే ప్రశ్న నన్ను నేను నెల రోజులుగా వేసుకుంటున్నాను. బరువు తగ్గడానికి ఆపరేషను చేయించుకున్నాను. బరువు తగ్గుతోంది. జాకెట్లు వదులవుతున్నాయి. చూసినవాళ్ళల్లా "సగమైపోయావే!" అంటున్నారు. మరి ఈ నిస్సత్తువ యెక్కణ్ణుంచి వచ్చింది? బిందె నీళ్ళెత్తితే గుండె దడ, రెండు మెట్లెక్కితే ఆయాసం, కూర్చున్నచోటు నుంచి లేస్తే కళ్ళ ముందు చీకట్లు!

ఈ మాటలు చదువుతున్న మీలో ఎవరో ఒకరు ఇటువంటి ఆపరేషను చేయించుకుని వుండవచ్చు. లేదా మీ అక్కో, వదినో, పక్కింటి పిన్నిగారో చేయించుకుని వుండవచ్చు. వాళ్ళ కోసమే ఈ నాలుగు ముక్కలు. నేను వైద్యురాలిని కాను. స్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని. మాది కూర్మన్నపాలెం. మావారు ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. నేను పడ్డదీ, వైద్యులనడిగి తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

ముందుగా ఆపరేషను సంగతి. ఎత్తు 155 సెంటీమీటర్లున్న నేను 108 కిలోల బరువుండేదాన్ని. మోకాళ్ళ నొప్పులు, చక్కెర జబ్బు, రక్తపోటు, రాత్రిళ్ళు గురకలో ఊపిరి ఆగిపోవడం - అన్నీ వున్నాయి. తేనె నీళ్ళు తాగాను, రాత్రి భోజనం మానాను, పది కిలోలు తగ్గి పన్నెండు కిలోలు పెరిగాను. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు భాగిస్తే ఒక అంకె వస్తుంది. నాకది 45. మన దేశంలో వైద్యులు చాలాకాలంగా ఈ అంకె 37.5 దాటినవాళ్ళకీ, చక్కెర జబ్బు వంటివి వుంటే 32.5 దాటినవాళ్ళకీ ఈ ఆపరేషను సలహా ఇస్తూ వచ్చారు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆసియావాసుల విషయంలో ఆ హద్దును ఇంకా కిందికి దించాయి. కనుక ఇది సోకు కోసం చేసుకునేది కాదు. చర్మం కింద కొవ్వును గొట్టంతో లాగేసే పద్ధతి వేరు, ఇది వేరు.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి స్లీవ్ పద్ధతి. సంచిలా వుండే జీర్ణాశయంలో ముప్పాతిక వంతు తీసేసి, అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టంలా మిగులుస్తారు. నాకు చేసింది ఇదే. రెండోది బైపాస్. జీర్ణాశయంలో చిన్న భాగాన్ని వేరుచేసి, దాన్ని చిన్నపేగులో కొంతదూరం కింద కలుపుతారు. తిన్నది మొదటి భాగాన్ని తాకకుండా అడ్డదారిన వెళ్ళిపోతుంది. ఈ బైపాస్‌ను బరువు కోసం మొదట చేసింది అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే శస్త్రవైద్యుడు, 1966లో. కాబట్టి నిన్నా మొన్నా పుట్టిన వింత వైద్యమేమీ కాదు.

ఇక నీరసం సంగతి. లెక్కల టీచర్ని కనుక నాకు లెక్కలోనే అర్థమయింది. నెలకి ఇరవై వేలు ఖర్చుచేసే ఇంట్లో ఉన్నట్టుండి జీతం ఏడువేలకు పడిపోతే యేమవుతుంది? బ్యాంకులో దాచుకున్నది తీసి వాడుకుంటారు. దానితోపాటు దుబారాలన్నీ కట్టిపెడతారు. దీపాలు ఆర్పేస్తారు. మన ఒళ్ళూ అంతే. ఆపరేషనైన మొదటి వారాల్లో రోజుకి 600, 800 కేలరీలకు మించి లోపలికి వెళ్ళదు. దాచుకున్న కొవ్వు కరుగుతుంది, నిజమే. కాని శరీరం తన దీపాలు కూడా కొన్ని తగ్గించుకుంటుంది. దానికితోడు మత్తుమందు ప్రభావం, లోపలి కుట్లు మానడానికి పట్టే శక్తి. అందుకని మొదటి నాలుగైదు వారాలు నీరసంగా వుండటం సహజం. దానికి భయపడనక్కర్లేదు. మూడు నెలలు దాటేసరికి చాలామందికి క్రమంగా ఓపిక పుంజుకుంటుంది. పుంజుకోకపోయినా, పుంజుకున్నది మళ్ళీ తగ్గినా, దానికి కారణం వెతకాలి. "ఆపరేషనయిందిగా, ఇలాగే వుంటుంది" అని సరిపెట్టుకోకూడదు. నేను చేసిన పొరపాటు సరిగ్గా అదే.

మొదటి కారణం నీళ్ళు. వినడానికి చిన్న విషయం. మన విశాఖ వేసవి మీకు తెలియనిది కాదు. విజయవాడలోలా నిప్పులు చెరగదు గాని, సముద్రపు గాలికి ఒళ్ళంతా జిడ్డు చెమట కారుతూనే వుంటుంది. ఇదివరకు చెంబెడు నీళ్ళు గటగటా తాగేసేవాళ్ళం. ఇప్పుడు గుక్కెడు తాగితే గుండెల మీద పట్టేసినట్టుంటుంది. దాంతో తాగడమే తగ్గిస్తాం. ఫలితం - తలనొప్పి, నోరెండిపోవడం, కళ్ళు తిరగడం, కాళ్ళలో సత్తువ లేకపోవడం. రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా ఏదో ఒక ద్రవం లోపలికి వెళ్ళాలి. నేను అరలీటరు సీసా ఒకటి పెట్టుకున్నాను. బడిలో మొదటి గంట మొదలుకొని మధ్యాహ్నం లోపల ఒకటి, ఇంటికి వచ్చేసరికి రెండోది, రాత్రి పడుకునే లోపల మూడోది. గుక్క తరువాత గుక్క, పిల్లలకి లెక్క ఇచ్చి వాళ్ళు చేస్తూండగా ఒక గుక్క. పల్చటి మజ్జిగ, సగ్గుబియ్యపు జావ తేట, కొబ్బరినీళ్ళు కూడా లెక్కలోకి వస్తాయి. మజ్జిగలో ఉప్పు ఎంత వెయ్యాలో రక్తపోటున్నవాళ్ళు తమ డాక్టరునడిగి వేసుకోవాలి. అన్నంతోపాటు మాత్రం నీళ్ళు తాగకూడదు. తిన్న అరగంట తరువాతే. మూత్రం రంగు లేత పసుపుగా వుంటే నీళ్ళు చాలినట్టు. ముదురుగా వుంటే సీసా వెతుక్కోండి.

రెండోది మాంసకృత్తులు. డాక్టర్లు ప్రొటీన్ అంటారే, అది. రోజుకి కనీసం 60 గ్రాములు కావాలని చెబుతారు. అది చాలకపోతే శరీరం కొవ్వుతోపాటు కండను కూడా తినేస్తుంది. కాళ్ళూ చేతులూ పీలగా అయిపోయి, లేచి నిలబడటానికే ఓపిక వుండదు. మూడో నెల నుంచి జుట్టు ఊడటం కూడా చూస్తాం. అది చాలామందిలో కొన్నాళ్ళకు తిరిగి వస్తుంది గాని, ప్రొటీను, ఇనుము తక్కువైతే ఎక్కువకాలం ఊడుతుంది.

మన భోజనం ఎలా వుంటుంది చెప్పండి! కంచం నిండా అన్నం, దాని మీద పప్పు, పక్కన ఇంత కూర, ఇంత పచ్చడి. ఇప్పుడు పట్టేదే నాలుగైదు ముద్దలు. ఆ నాలుగు ముద్దలూ అన్నమే అయితే ఇక పప్పుకు చోటెక్కడిది? అందుకని కంచాన్ని తిరగేయాలి. ముందు గుడ్డో, చేపో, పప్పో, పన్నీరో. తరువాత కూర. చోటుంటే చివర అన్నం. మా అత్తగారికి ఇది మింగుడుపడలేదు. "అన్నం తినకుండా కూర తింటారేటి, దొరల్లాగ?" అన్నారు. నెలరోజులు అలాగే అన్నారు. తరువాత తనే నాకు ముందు గుడ్డు వలిచి పెట్టడం మొదలుపెట్టారు.

కొంచెం లెక్క చెబుతాను, రాసుకోండి. ఒక గుడ్డులో 6 గ్రాములు. గ్లాసు పాలలో, అంటే 200 మిల్లీలీటర్లలో, మరో 6. నూరు గ్రాముల చేపలో దాదాపు 18. ముప్పై గ్రాముల కందిపప్పు ఉడికిస్తే 6. రెండువందల గ్రాముల పెరుగులో ఇంచుమించు 7. యాభై గ్రాముల పన్నీరులో 9. పాతిక గ్రాముల మీల్‌మేకర్‌లో 12. మూడు గుడ్లు, ఒక ముక్క చేప, రెండు గ్లాసుల పాలు, పప్పు, పెరుగు అంటే 61 అయింది. మనకి చేపలకి కరువా! ఫిషింగ్ హార్బర్‌లో వేటకి సెలవున్న ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తప్పిస్తే మిగతా రోజుల్లో కవ్వళ్ళూ, కానాగంతలూ దొరుకుతూనే వుంటాయి. వంజరమే తినాలని లేదు. ముళ్ళు జాగ్రత్తగా తీసి, మెత్తగా వుడికించి, మెల్లగా నమిలి తినాలి. శాకాహారులు పాలు, పెరుగు, పన్నీరు, మీల్‌మేకర్, పప్పు కలిపితే 46 దాకా వస్తుంది. మిగతాది డాక్టరు చెప్పిన ప్రొటీను పొడితో నింపుకోవచ్చు. మొదటి రెండు నెలలూ ఇవేవీ సరిగా తినలేం కనుక అందరికీ పొడి అవసరమే పడుతుంది. దాన్ని చూసి "డబ్బా పాలమీద బతుకుతోంది" అని యెగతాళి చేసేవాళ్ళుంటే చెయ్యనివ్వండి.

మన ఉత్తరాంధ్రలో బలానికి చోడి అంబలి అంటారు. చోళ్ళలో సున్నం, అదే కాల్షియం, దండిగా వుంది. తాగండి. కాని నూరు గ్రాముల చోడిపిండిలో వున్న ప్రొటీను 7 గ్రాములే. అంబలితోనే కడుపు నింపేసుకుంటే గుడ్డుకి చోటు మిగలదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఇళ్ళల్లో ఆడది తినేది ఎప్పుడు? అందరూ తిన్నాక. ఏం తింటుంది? మిగిలింది. పప్పులో నీళ్ళు మిగులుతాయి, కూరలో చారలు మిగులుతాయి, అన్నం మాత్రం దండిగా మిగులుతుంది. పారెయ్యడం ఇష్టంలేక అదే తింటాం. నేను 108 కిలోలు కావడానికి అదీ ఒక కారణమే. ఆపరేషను తరువాత కూడా అదే అలవాటు సాగిస్తే కడుపు నిండుతుంది, ఒళ్ళు ఎండుతుంది. ఇంట్లో అందరికంటె ముందు మీ చిన్న గిన్నెలో మీ భాగం తీసి పక్కన పెట్టుకోండి. ఇది స్వార్థం కాదు. మందుసీసాలోంచి డోసు కొలిచి తీసుకోవడం వంటిది.

సరే, నేను గుమ్మంలో కూలబడిన సంగతికి వస్తాను. అది ఆపరేషనైన అయిదో నెల. నీళ్ళు తాగుతున్నాను, గుడ్లు తింటున్నాను. మరి లోపమెక్కడుంది? రెండు చోట్ల వుంది, రెండూ నా చేతులారా చేసుకున్నవే. ఒకటి - ఇనుము మాత్రలు వేసుకుంటే మలబద్ధకం చేస్తోందని రెండో నెలలోనే ఎవరికీ చెప్పకుండా మానేశాను. రెండు - మూడో నెలలో పరీక్షకు రమ్మన్నారు. పిల్లలకి పరీక్షలని నా పరీక్ష ఎగ్గొట్టాను.

మావారు రెండో షిఫ్టుకి సెలవు పెట్టి నన్ను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. రక్తం తీశారు. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12కి తగ్గకూడదు. నాకు 8.4 వుంది. రక్తపోటు చూస్తే 92, 60. "మీరింకా పాత బి.పి. మాత్రలే వేసుకుంటున్నారా?" అన్నారు డాక్టరు. అవును, 108 కిలోల మనిషికి రాసిన రెండు మాత్రలూ 84 కిలోల మనిషి వేసుకుంటోంది! కూర్చుని లేచినప్పుడల్లా కళ్ళు తిరిగాయంటే తిరగవూ మరి?

కనుక, బరువు తగ్గుతున్నకొద్దీ రక్తపోటు మందులూ, చక్కెర మందులూ, ముఖ్యంగా ఇన్సులిన్, మోతాదు మార్చవలసి వస్తుందని గుర్తుపెట్టుకోండి. మార్చవలసింది డాక్టరు. మీకు మీరే మానెయ్యడం ఎంత తప్పో, పాత చీటీ మీదే నెలలు గడపడం అంత తప్పు.

ఇనుము సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది ఆడవాళ్ళ సంగతి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి 57 మందికి రక్తహీనత వున్నట్టు తేలింది. అదే సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది స్త్రీలు వుండవలసినదానికంటె ఎక్కువ బరువున్నారు. అంటే లావుగా వున్నంత మాత్రాన రక్తం పుష్టిగా వుందనుకోకూడదు. రెండూ ఒకే మనిషిలో వుండవచ్చు. అసలే నెలనెలా రక్తం పోయే శరీరం. ఆపరేషనయ్యాక జీర్ణాశయంలో ఆమ్లం తగ్గుతుంది, దాంతో ఇనుము సరిగా కరగదు. బైపాస్ అయితే ఇనుము ఎక్కువగా పీల్చుకునే పేగు భాగాన్ని తిండి తాకనే తాకదు. అందుకే మాత్ర తప్పదు. ఇనుము మాత్రనూ, కాల్షియం మాత్రనూ కలిపి మింగకండి. ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి. రెండు గంటల తేడా వుండాలి. కాఫీ, టీలతో కూడా వేసుకోకూడదు. నిమ్మరసం, ఉసిరి వంటి పులుపు తోడైతే మంచిది. నాలాగ మాత్ర పడకపోతే మానెయ్యకుండా డాక్టరుకి చెప్పండి. వేరే రకం ఇస్తారు, లేదా సెలైనులో ఎక్కిస్తారు. నాకు అలాగే ఎక్కించారు. మూడు వారాల్లో మనిషినయ్యాను.

ఇంకొకటి బి-12 విటమిను. దీన్ని ఒంటికి పట్టించే పదార్థం జీర్ణాశయంలోనే ఊరుతుంది. ఆ జీర్ణాశయమే కురచైపోయింది గదా! తమాషా ఏమిటంటే, లివరులో నిలవ వుంటుంది కనుక లోటు వెంటనే బయటపడదు. ఆరు నెలలు బాగానే వున్నాం గదా అని మందు మానేస్తే, రెండో యేడో మూడో యేడో నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు, మతిమరుపు మొదలవుతాయి. ఇవికాక డి విటమినూ, ఫోలిక్ ఆమ్లమూ. ఈ మాత్రలు కోర్సు పూర్తయితే ఆపేసేవి కావు. జీవితాంతం. పసుపు తాడులాగ ఇదీ మనతోనే వుంటుందని నేను సరదాగా అంటూంటాను. పరీక్షలు మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తరువాత ఏటా ఒకసారి. నీరసం తగ్గకపోతే థైరాయిడ్ కూడా చూపించుకోవాలి.

మరో రకం నీరసం వుంది. అది తిన్న తరువాత వస్తుంది. మా ఆడపడుచు ఇంట బారసాల. మాడుగుల హల్వా పెట్టారు. ఎన్నాళ్ళయిందో అని రెండు ముక్కలు పరగడుపున నోట్లో వేసుకున్నాను. గంటన్నర తిరక్కుండా చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఎక్కడైనా పడుకుంటే చాలుననిపించింది. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగి రక్తంలో చక్కెర రివ్వున పెరుగుతుంది. దానికి జవాబుగా ఇన్సులిన్ పొంగుతుంది. చక్కెర వుండవలసినదానికంటె దిగిపోతుంది. ఇది బైపాస్ వాళ్ళకు ఎక్కువ, స్లీవ్ వాళ్ళకూ రావచ్చు. తీపి తిన్న అరగంట లోపలే కడుపునొప్పి, వికారం, దడ రావడం ఇంకొక రకం. రెండింటికీ మందు ఒకటే - ఉత్త కడుపుతో తీపి తినకపోవడం, కొంచెం కొంచెంగా రోజుకి అయిదారుసార్లు తినడం, తిన్న ప్రతిసారీ ప్రొటీను వుండేలా చూసుకోవడం. ఇలా తరచు వస్తుంటే మాత్రం డాక్టరుకి చెప్పాలి.

ఇక, ఇంటి వైద్యంతో కాలయాపన చెయ్యకూడని సంగతులు కొన్ని వున్నాయి. రెండు మూడు రోజులుగా వాంతులు తగ్గకుండా వుండి, నడక తూలుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, మాట తడబడుతున్నా, పాదాలు మంటలెత్తుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అది బి-1 విటమిను, అంటే థయామిన్ లోపం కావచ్చు. మన ఒంట్లో దాని నిలవ రెండు మూడు వారాలకు మించి రాదు. ఆలస్యమైతే మెదడుకి తిరగని దెబ్బ తగులుతుంది. "నాకు ఫలానా ఆపరేషనయింది, చాలా రోజులుగా వాంతులు" అని అక్కడి డాక్టరుతో మీరే ముందుగా చెప్పండి. గ్లూకోజు ఎక్కించేముందు థయామిన్ ఇవ్వాలి కనుక ఆ మాట ప్రాణం కాపాడుతుంది. మొదటి వారాల్లో జ్వరం, కడుపునొప్పి, నాడి వేగంగా కొట్టుకోవడం, ఆయాసం, ఒక కాలు వాచి నొప్పి పుట్టడం, నల్లటి విరేచనం - ఇవేవీ నీరసం కింద జమకట్టకండి. రాత్రయినా సరే బయల్దేరాలి. మీకు ఆపరేషను చేసిన చోటు దూరమైతే, 1923 నుంచీ ఈ వూరికి దిక్కుగా వున్న పెద్దాసుపత్రి, మన కింగ్ జార్జి ఆసుపత్రి వుండనే వుంది.

పెళ్ళయిన యువతులకు ఒక మాట. బరువు తగ్గితే ఆగిపోయిన నెలసరి తిరిగి వస్తుంది, గర్భం తొందరగా నిలుస్తుంది. కాని ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు వైద్యులు. తల్లికే చాలని తిండి బిడ్డకేం చాలుతుంది? బైపాస్ తరువాత గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు కనుక వేరే పద్ధతి అడిగి తెలుసుకోండి. నీరసం, వికారం, వాంతులు అన్నీ ఆపరేషను మీదకే తోసెయ్యకుండా నెల తప్పిందేమో కూడా చూసుకోవాలి.

"నీరసంగా వుంటే నడవడం ఎలా?" అని అడుగుతారు మీరు. నేనూ అడిగాను. నడవకపోవడం వల్ల కూడా నీరసం పెరుగుతుంది. వాడని కండను ఒళ్ళు వుంచుకోదు. అయితే మొదటి రోజునే రామకృష్ణా బీచ్ ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలని లేదు. నేను మా డాబా మీద అయిదు నిమిషాలతో మొదలుపెట్టాను. వారానికి రెండేసి నిమిషాలు పెంచాను. రెండు నెలలు గడిచాక, డాక్టరు సరేనన్నాక, అరలీటరు నీళ్ళసీసాలు రెండు చేతులతో పట్టుకుని పైకెత్తి దించడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం నేర్చుకున్నాను. ఖర్చులేని కసరత్తు. ఎండ ముదిరాక మాత్రం వద్దు.

పని సంగతి కూడా చూడాలి. ఓపిక వున్న వేళ ఏదో కనిపెట్టండి. నాకది పొద్దున్న ఆరు నుంచి పది దాకా. బరువు పనులు అప్పుడే ముగిస్తాను. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కాళ్ళు బారజాపుకుంటాను. ఆ ఇరవై నిమిషాల కోసం తొలిరోజుల్లో దొంగతనం చేసినట్టు సిగ్గుపడేదాన్ని. ఇంకొక చిక్కు మాలాంటి ఫ్యాక్టరీ ఇళ్ళల్లో వుంది. పొద్దున్న ఆరింటి షిఫ్టయితే నాలుగింటికి లేవాలి. మధ్యాహ్నం షిఫ్టయితే రాత్రి పదకొండుకి అన్నం పెట్టాలి. రాత్రి షిఫ్టయితే ఆయన పగలు పడుకుంటారు, ఇల్లు సద్దు చెయ్యకూడదు. మగవాడు షిఫ్టు మారితే ఆడదాని నిద్ర కూడా మారుతుంది, ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. ఈ మాట మావారితో ఒకరోజు చెప్పేశాను. ఆ వారం నుంచి రాత్రి అన్నం డబ్బాలో సర్ది పెడితే తనే వడ్డించుకుంటున్నారు. చెప్పకపోతే వాళ్ళకు తెలియదు. గురకకు ఊపిరి మిషను వాడుతున్నవాళ్ళు, బరువు తగ్గిందని దాన్ని సొంతంగా అటకెక్కించవద్దు. నిద్ర పరీక్ష మళ్ళీ చేయించుకున్నాకే మానాలి.

చివరిగా మనసు. ఈ సంగతి డాక్టరుతో చెప్పడానికి నాకు సిగ్గేసింది. అన్ని పరీక్షలూ బాగున్నా కొన్నాళ్ళు నాకు మంచం దిగాలనిపించేది కాదు. చిన్నప్పటినుంచీ దుఃఖం వచ్చినా, సంతోషం వచ్చినా తిండితోనే తీర్చుకున్నదాన్ని. ఆ స్నేహితురాలు ఒక్కరోజులో దూరమైంది. పెళ్ళి పందిట్లో అందరూ తింటూంటే రెండు ముద్దలతో చెయ్యి కడుక్కుని ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. పైగా "సులువుదారి పట్టింది" అని చెవిని పడేది. ఈ దారి ఎంత సులువో నడిచినవాళ్ళకే తెలుసు! దిగులు కూడా నీరసం రూపంలోనే వస్తుంది. రెండు వారాలు దాటి అలా వుంటే దాచుకోకండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ వుంది. 14416కి ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంట్లోవాళ్ళకు నా మనవి ఒక్కటే. ఆపరేషను చేయించుకున్న మనిషి నీరసంగా వుందంటే "ఎందుకు చేయించుకున్నావు?" అనకండి. "ఇవాళ నీళ్ళు తాగావా? మాత్ర వేసుకున్నావా? పరీక్ష ఎప్పుడు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు కన్నీళ్ళే జవాబు. తరువాతి మూడింటికీ పని వుంది.

మా అత్తగారు ఇప్పుడు ఆ మూడూ అడుగుతారు. నిరుడు ఆషాఢ పౌర్ణమికి సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణకు బయల్దేరాను. మొత్తం 32 కిలోమీటర్లు. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, జనంతో పాటు నడుస్తూ హనుమంతవాక దాకా వెళ్ళాను. అక్కడ ఆగిపోయాను. ఇంకా నడిచే ఓపిక వుంది గాని, ఇంటికి వెళ్ళడానికి కొంత దాచుకోవాలని ఇన్నేళ్ళకు నేర్చుకున్నాను. ఇంటికి రాగానే అత్తగారు మంచినీళ్ళ సీసా చేతికిచ్చి, "మెల్లగా తాగు, గటగటా తాగకు" అన్నారు.

మీరూ మెల్లగానే తాగండి. తప్పకుండా తాగండి. సెలవు.